నేను దిద్దిన పెదవి

మా పెళ్ళి ఆల్బంలో ఉన్న పెళ్ళికొడుకు నేను కాదు. ఈ మాట అనేది మా ఆవిడ. ఇంటికి వచ్చిన ప్రతి చుట్టానికీ ఆల్బం తెరిచి, "పెళ్ళి ఈయనతో అయినాది, కాపురం ఆయనతో చేస్తాండా" అని ముందు ఫోటోనూ తర్వాత నన్నూ చూపిస్తుంది. తప్పు నాదే. ఆ ఆల్బం దిద్దింది నేనే. కొత్తగా స్టూడియో పెట్టిన ఉత్సాహం, కొత్తగా చేతికొచ్చిన సాఫ్ట్‌వేర్, పైగా సొంత పెళ్ళి. మొదట ముఖం మీది మొటిమల గుంటలు పూడ్చాను. తర్వాత రంగు కొంచెం పెంచాను. రంగు పెరిగేసరికి ముక్కు లావుగా కనిపించింది, దాన్ని సన్నం చేశాను. ముక్కు సన్నబడేసరికి చెవులు చేటల్లా బయటపడ్డాయి, వాటిని కూడా తగ్గించాను. ఆఖరికి మా ఆవిడ మెడలో తాళి కడుతున్నది ఎవరో తెల్లటి, కోలముఖం మనిషి. చేతులు దిద్దడం మరిచిపోయాను కాబట్టి చేతులు మాత్రం నావే, నల్లగా ఉంటాయి.

ఉదయగిరి బస్టాండు పక్క సందులో నా స్టూడియో. తలుపు తెరిస్తే ఎదురుగా దుర్గం కొండ. అంత కొండను బయట పెట్టుకుని జనం లోపలికొచ్చి మంచుకొండలు అడుగుతారు. నేను ఇస్తాను. జంటను కత్తిరించి పంచెతో, పట్టుచీరతో అలాగే మంచులో నిలబెడతాను. ఒకసారి ఊరి పెత్తనం చేసే ఒక పెద్ద రైతు, పుట్టినరోజు ఫ్లెక్సీ కోసం తన బట్టతల మీద జుట్టు మొలిపించమన్నాడు. ఆయన కొడుకు ఫోటోలోంచే జుట్టు తీసి అతికించాను. ఫ్లెక్సీ కట్టిన రోజు నుంచి దాన్ని విప్పేదాకా ఆయన తలకు తుండుగుడ్డ చుట్టుకునే తిరిగాడు. నేను మాత్రం ఆ ఫ్లెక్సీ కింద నిలబడి, వచ్చేపోయే వాళ్ళకు అది నా పనేనని చెప్పుకున్నాను.

ఈ పనిలో నాకు బాగా అలవాటైన పనిముట్లు రెండు. ఒకటి హీలింగ్ బ్రష్. మచ్చ మీద పెట్టి నొక్కితే పక్కనున్న చర్మాన్ని తెచ్చి కప్పేస్తుంది. రెండోది క్లోన్ స్టాంపు. ఒకచోట ఉన్నదాన్ని ఎత్తి ఇంకోచోట అచ్చుగుద్దినట్టు పెడుతుంది. ఈ రెంటితో నేను పూడ్చిన అమ్మవారి మచ్చలకూ చెరిపిన పుట్టుమచ్చలకూ అంతు లేదు. అడిగినవాళ్ళకు చెరిపాను, అడగనివాళ్ళకూ చెరిపాను. ఒకావిడ తన ఫోటో చూసుకుని "మా అవ్వకు ఉన్న మచ్చే నాకూ వచ్చినాది, అది యాడబోయినాది?" అని అడిగితే, ఆమెకు అందం అంటే ఏమిటో తెలియదని జాలిపడ్డాను.

నాకు పని నేర్పింది ఆత్మకూరులో ఒక స్టూడియో ఆయన. పెద్దగా మాట్లాడేవాడు కాదు. ఒక్క సంగతి మాత్రం రోజూ చెప్పేవాడు. "ఒరిజినల్‌ని కెలకబాక రా. ముందు సేవ్ యాజ్ కొట్టు, ఆ తర్వాత నీ ఇష్టమొచ్చినట్టు ఏడువు." అంటే ఫోటోను వేరే పేరుతో ఇంకో ప్రతిగా దాచి, ఆ ప్రతి మీదే పని చేయాలి. అలా కాకుండా వట్టి సేవ్ కొడితే, దిద్దిన బొమ్మ వెళ్ళి అసలు ఫోటో మీద కూర్చుంటుంది. మూసేశాక మళ్ళీ వెనక్కి తెచ్చుకోలేము. ఈ మాట పెద్దక్షరాలతో రాసి నేనే నా మానిటరు అంచున అంటించుకున్నాను. దాన్ని నేను చదివింది అంటించిన రోజే.

ఇక అసలు సంగతి.

మార్చి నెలలో ఒక పొద్దున వరికుంటపాడు వైపు ఊరి ఆశా కార్యకర్త నా స్టూడియోకి వచ్చింది. వెనక ఒక పడుచు తల్లి, ఆమె చంకలో ఎనిమిది నెలల ఆడపిల్ల. వాళ్ళు గొర్రెలు మేపుకునే వాళ్ళు. ఆ పిల్ల పై పెదవి ఎడమపక్కన చీలి, ఆ చీలిక ముక్కుపుటం దాకా పోయి ఉంది. గ్రహణం మొర్రి. గ్రహణం పూట కడుపుతో ఉండి కొడవలి పట్టుకుందనీ, గొర్రెలకు తుమ్మకొమ్మలు కొట్టిందనీ, బిడ్డ అందుకే ఇలా పుట్టిందనీ వాళ్ళ అత్త ఎనిమిది నెలలుగా దెప్పుతోందని ఆశా కార్యకర్త చెప్పింది. తల్లి కొంగుముడి విప్పి చిన్న చెక్క స్పూను తీసి, సీసాలోని పాలు చీలిన పెదవితో చీకలేని పిల్ల నోట్లో చుక్క చుక్కగా పోస్తూ కూర్చుంది. మా ఊరి చెక్క స్పూనే అది, బయటి ఊళ్ళవాళ్ళు ముచ్చటపడి కొనుక్కుపోయే రకం. దాంతో ఒక బిడ్డ ప్రాణం నిలుస్తోందని నాకు అంతవరకూ తెలియదు.

నెల్లూరులో ఒక ఆసుపత్రి వాళ్ళు ఏడాదికోసారి క్యాంపు పెట్టి ఇలాంటి పిల్లలకు ఉచితంగా ఆపరేషన్లు చేస్తారట. వచ్చేవాళ్ళు ఎక్కువ కాబట్టి ముందు ఫోటోలు తెప్పించుకుని, చూసి, లిస్టు రాస్తారట. ఎదురుగా తీసిన స్పష్టమైన ఫోటో ఒక్కటి మెయిల్‌లో పంపాలి. ఈ ఏడు తప్పితే మళ్ళీ వచ్చే ఏడే. పిల్లకు మాటలు వచ్చేలోగా పెదవి కుట్టించాలని ఆశా కార్యకర్త పట్టుదల.

"నీ ఫోన్లో తీసి పంపొచ్చు గదమ్మా" అన్నాను.

"తీసినా అన్నా. నా ఫోను మొకాలన్నీ నున్నంగా చేసేస్తాది. అదేందో యాడ ఆపాల్నో తెలవడంలా. క్యాంపోళ్ళు ఉండేది ఉన్నట్టు కనపడాలన్నారు. అందుకే నీ కాడికి తెచ్చినా."

"నా కాడ అట్టాంటి యవ్వారం ఏం ఉండదు. అంతా న్యాచురలే" అన్నాను. నా వెనక గోడ మీద, మంచుకొండల్లో చెప్పుల్లేకుండా నిలబడిన జంట ఫోటో వేలాడుతోంది.

ఫోటో బాగానే వచ్చింది. కంప్యూటర్లో తెరిచాను. వెలుతురు సరిగ్గా పడింది, చీలిక స్పష్టంగా కనిపిస్తోంది. మెయిల్‌కు జతచేసి పంపేస్తే పని అయిపోయేది. కానీ తల్లి నా భుజం పక్కనే నిలబడి చూస్తోంది. చూసేవాళ్ళుంటే నా చేతులు ఊరుకోవు.

"ఆపరేషన్ అయినాక బిడ్డ ఎట్టుంటాదో చూపీమంటావా?" అన్నాను.

ఆమె అడగలేదు, నేనే అన్నాను. పిల్ల పెదవిలో బాగున్న కుడి సగాన్ని ఎత్తాను. దాన్ని అద్దంలో చూసినట్టు తిప్పి ఎడమపక్కన పెట్టాను. రెండూ కలిసిన చోట అతుకు కనబడకుండా హీలింగ్ బ్రష్‌తో నిమిరాను. కిందికి జారిన ముక్కుపుటాన్ని కాస్త పైకి లాగాను. నోరు కొద్దిగా తెరిచి ఉంటే లోపలి పంటిచిగురు అడ్డం వచ్చింది, అందుకని నోరు మూసేశాను. ఇరవై నిమిషాలు పట్టింది. స్క్రీను మీద బొద్దుగా, ముద్దుగా, నిండు పెదవులతో ఒక పాప.

తల్లి చూసింది. చెయ్యి చాపి స్క్రీను మీద ఆ పెదవిని వేలితో తాకింది. తర్వాత ఏడ్చింది, శబ్దం లేకుండా. ఆశా కార్యకర్త "అబ్బ, ఇట్టా వస్తే చాలు సామీ" అంది. నిజం చెప్పాలంటే నాకు ఆ క్షణాన బ్రహ్మదేవుడి తప్పు నేను సర్దానన్నంత గర్వం పొడుచుకొచ్చింది. ఆ ఫోటో ఒకటి కావాలని తల్లి అడిగితే వెంటనే ప్రింటు తీసి, పైగా లామినేషన్ చేసి మరీ ఇచ్చాను. డబ్బులు వద్దన్నాను. దాతనని అనిపించుకునే అవకాశం ఎందుకు వదులుకుంటాను?

ప్రింటు ఇచ్చి వచ్చి కూర్చున్నాక అలవాటుగా వేళ్ళు రెండు బొత్తాలు నొక్కాయి. సేవ్. మానిటరు అంచున నేను రాసుకున్న కాగితం ఫ్యాను గాలికి ఊగుతూనే ఉంది. ఫైలు మూసి, ఆశా కార్యకర్త చెప్పిన అడ్రసుకు మెయిల్ చేశాను. "పంపించేశాను, ఇంక మీకు దిగులు లేదు" అన్నాను. తల్లి నాకు దండం పెట్టింది. ఆ దండాన్ని కూడా తీసుకున్నాను.

పది రోజుల తర్వాత ఆశా కార్యకర్త మళ్ళీ వచ్చింది, ఈసారి ఒక్కతే. షాపులో పాస్‌పోర్ట్ ఫోటోల కోసం నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. ఆమె నన్ను పక్కకు పిలవలేదు. అందరి ముందే ఫోను తెరిచి గట్టిగా చదివింది. "మీరు పంపిన ఫోటోలో బిడ్డ పెదవి మామూలుగానే ఉంది. దయచేసి అవసరం ఉన్న పిల్లల ఫోటోలు మాత్రమే పంపండి."

చదివి నా వైపు చూసింది. "ఏంది అన్నా ఇది?"

నాకు వెంటనే అర్థమైంది. అయినా అర్థం కానట్టు కంప్యూటర్ తెరిచి వెతికాను. ఆ పేరుతో ఒక్కటే ఫైలు ఉంది. అందులో నిండు పెదవుల పాప నోరు మూసుకుని నన్నే చూస్తోంది. కెమెరా కార్డులో ఉంటుందేమోనని చూశాను. దాన్ని మరునాడే ఒక ఓణీల ఫంక్షన్ కోసం ఖాళీ చేశాను. వెనక్కి తెచ్చే దారి లేదు.

"పొరపాటున... నేను చూపించడానికి చేసింది పోయినట్టుండాది" అన్నాను.

"నా ఫోను నున్నంగా చేస్తాదని గదా నీ కాడికి తెచ్చింది. ఫోనే నయం గదయ్యా!"

పాస్‌పోర్ట్ ఫోటో కోసం వచ్చిన పెద్దమనిషి ఒకాయన లేచి, "నేను మళ్ళా వస్తాలే" అని వెళ్ళిపోయాడు. ఆయన ముఖాన ఒక గాటు ఉంది. నేను దాన్ని ఏం చేస్తానోనని భయపడ్డట్టున్నాడు.

క్యాంపు వాళ్ళకు ఫోన్ చేశాను. ఎత్తిన అమ్మాయి ఓపికగా విని, "ఎల్లుండి సాయంత్రంలోగా అసలు ఫోటో పంపండి. ఆ తర్వాత లిస్టు మూసేస్తాం" అంది. ఆ బిడ్డను పిలిపించమని ఆశా కార్యకర్తను బతిమాలాను.

"యాడుంటారు వాళ్ళు? కోతలైపోయినాయి గదా, గొర్రెల్ని తోలుకోని జలదంకి పక్కకి పోయినారు. ఫోనా, చార్జింగు లేక మూడు దినాల్నించి ఆగిపోయినాది. నాకు టీకాల పని ఉండాది. నువ్వే చెడగొట్టినావు, నువ్వే పోయి ఎతుక్కో" అని చెప్పి వెళ్ళిపోయింది.

వరి కోతలయ్యాక గొర్రెలవాళ్ళు మందలతో కింది పల్లెలకు దిగుతారు. పగలంతా కోసిన వరి మొదళ్ళల్లో, అంటే కొయ్యకాళ్ళల్లో మేపి, రాత్రిళ్ళు రైతు పొలంలోనే మంద పెడతారు. పొలానికి ఎరువు, మందకు మేత. ఒక మడిలో రెండు రోజులుంటే ఇంకో మడికి, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మారిపోతూ ఉంటారు. వాళ్ళకు అడ్రసు ఉండదు.

ఇంటికి వెళ్ళి సంగతి చెబితే మా ఆవిడ మొదట నవ్వింది. "ఆ బిడ్డని కూడా మన ఆల్బం మాదిరి చేసినావా?" అంది. తర్వాత నవ్వడం ఆపేసింది. "మన మొకాలు ఎట్టా చేసుకున్నా మన ఇష్టం. ఆ బిడ్డ పాలు ఎట్టా తాగతాదయ్యా?" నాకు చాలా సిగ్గేసింది. అన్నం తినబుద్ధి కాలేదు, అయినా తిన్నాను. ఆ మాట కూడా రాయాలి కదా.

తెల్లారగానే కెమెరా మెడలో వేసుకుని బండి మీద బయలుదేరాను. వింజమూరు, కలిగిరి దాటి జలదంకి పొలాల్లోకి దిగేసరికి ఎండ మండుతోంది. నాకు తల్లి పేరు తప్ప ఏమీ తెలియదు. తండ్రిని చూడలేదు. ఇక్కడే నా తెలివి ఇంకోసారి బయటపడింది. కంప్యూటర్లోని బిడ్డ ఫోటోను ఫోన్లోకి ఎక్కించుకున్నాను కదా, అది చూపిస్తే ఎవరైనా గుర్తుపట్టకపోతారా అనుకున్నాను.

మొదట ఒక టీ బంకు దగ్గర ఆపి చూపించాను. "ఈ బిడ్డను చూసినారా?"

టీ కాచే ఆయన చూసి "తప్పిపోయినాదా?" అన్నాడు.

"లేదు, నేనే ఎతుకుతాండా."

"నీ బిడ్డా?"

"కాదు."

ఆయన కళ్ళు చిన్నవయ్యాయి. బల్ల మీద కూర్చున్న ఇద్దరు లేచి నిలబడ్డారు. "నీది కాని బిడ్డ నీకెందుకు? యా ఊరు నీది? పిల్లోళ్ళను ఎత్తుకోని పోయేవాడివా ఏంది?" వాళ్ళకు కెమెరా చూపించి, స్టూడియో కార్డు చూపించి, ఉదయగిరిలో వాళ్ళకు తెలిసిన ఒకరిద్దరి పేర్లు చెప్పి బయటపడేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. టీ మాత్రం తాగమన్నారు, తాగాను.

ఆ తర్వాత ఎన్ని మందల దగ్గరికి వెళ్ళానో. దూరం నుంచి చూస్తే అన్నీ ఒకే మందలా ఉంటాయి. గట్ల మీద బండి పోక దాన్ని ఒక మోటారు షెడ్డు దగ్గర పెట్టి నడిచాను. కొయ్యకాళ్ళు చెప్పుల్లోకి గుచ్చుకున్నాయి. ప్రతి చోటా ఫోను తీసి ఆ ముద్దుల పాపను చూపించాను. ప్రతి చోటా "చూళ్ళా" అన్నారు. ఒకావిడ "మా మందలో ఇంత తెల్లటి బిడ్డ యాడుంటాది నాయనా, ఎండల్లో తిరిగేటోళ్ళం" అంది. రంగు కూడా పెంచానని నాకు అప్పుడు గుర్తుకొచ్చింది.

మధ్యాహ్నం దాటాక ఒక కాలువ గట్టు మీద ముసలాయన ఒకడు గొర్రెపిల్లను ఒడిలో పెట్టుకుని దాని కాలి ముల్లు తీస్తున్నాడు. ఆయనకు ఫోను చూపించాను. ఫోనును దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూశాడు.

"ఈ బిడ్డను నేను చూళ్ళా" అన్నాడు. నేను తిరిగి వెళ్ళబోతుంటే, "మొర్రి బిడ్డ ఒకత్తి ఉండాది, ఆ కాలవ అవతల. ఆ తల్లి చెక్క గెంటెతో పాలు పోస్తా ఉంటాది. అదయితే చూసినా" అన్నాడు.

"ఆ బిడ్డే తాతా!"

ఆయన మళ్ళీ ఫోను చూశాడు, నన్ను చూశాడు. "ఈ బిడ్డ కాదు గదా ఆ బిడ్డ" అన్నాడు.

 పొద్దుటి నుంచి ఊరూరా తిరుగుతూ నేను లేని బిడ్డ కోసం అడుగుతున్నాను. ఉన్న బిడ్డ అందరికీ తెలుసు. మొర్రి బిడ్డ అని ఒక్క మాట అడిగి ఉంటే టీ బంకు దగ్గరే చెప్పేవాళ్ళేమో. నాకు ఆ మాట నోటికి రాలేదు. నేను దిద్దిన ముఖాన్నే ఆ బిడ్డ ముఖం అనుకున్నాను.

కాలువ దాటాను. తుమ్మచెట్టు నీడలో తల్లి కూర్చుని ఉంది. చెట్టు కొమ్మకు చీరతో కట్టిన ఉయ్యాలలో పిల్ల. నన్ను చూసి లేచి నవ్వింది. "లిస్టు వచ్చినాదా అన్నా?" అంది. నేను ఆ మాట చెప్పడానికే ఇంత దూరం వచ్చాననుకుంది. మందలోంచి ఆమె పెనిమిటి కూడా కర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

చెప్పాను. మొదట కంప్యూటర్ మీద నెపం పెట్టబోయాను. ఫైలు అనీ, సిస్టం అనీ ఏవేవో మొదలుపెట్టాను. ఆమె కళ్ళు ఆర్పకుండా చూస్తుంటే ఆపేసి, "నేనే చెడగొట్టినానమ్మా. బాగుచేసిన ఫోటోనే పంపేసినా. బిడ్డకేం లేదనుకున్నారు వాళ్ళు" అన్నాను.

ఆమె ఉయ్యాలలోంచి పిల్లను ఎత్తుకుంది. 

"ఆ పొద్దు నేను ఏడ్సినానని నువ్వు పొంగిపోయినావు గదా అన్నా" అంది. "నువ్వు చేసిన బొమ్మను చూసి ఏడవలా. నా బిడ్డకు నిజంగా అట్టా అవతాదని ఏడ్సినా."

తిట్టినా బాగుండేది. ఆ తండ్రి భార్య వైపు ఒకసారి చూసి నాతో, "ఇప్పుడన్నా ఉండేది ఉన్నట్టు తియ్యి సామీ" అన్నాడు. అంతే.

కెమెరా తీశాను. ఇన్నేళ్ళలో నేను నేర్చుకున్నదంతా లోపం కనబడకుండా ఎక్కడ నిలబడాలో, ఎటు తిప్పాలో, ఎంత వెలుతురు వేయాలో. కళ్ళజోడు మెరుపు, మెల్లకన్ను, ఎత్తుపళ్ళు, అన్నిటికీ దాచే కోణాలు నాకు తెలుసు. చూపించే కోణం మాత్రం తెలియదు. మూడు ఫోటోలు తీస్తే మూడింటిలోనూ పెదవి నీడలోకి పోయింది. నేను పోనిచ్చానో అదే పోయిందో తెలియదు. తండ్రి తన తెల్లటి పైపంచె విప్పి పట్టుకున్నాడు, దాని మీద పడిన ఎండ పిల్ల ముఖం మీదికి తిరిగింది. కళ్ళల్లో వెలుతురు పడి పిల్ల ఏడుపు అందుకుంది. మామూలుగా అయితే కెమెరా దించేసి బుజ్జగించమంటాను. ఈసారి దించలేదు. ఏడుపుకు నోరంతా తెరుచుకుంది. చీలిక, చిగురు, ముక్కుపుటం అన్నీ ఉన్నదున్నట్టు పడ్డాయి.

కలిగిరిలో ఒక డి.టి.పి. షాపు ఆయన్ను బతిమాలి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఫోటో తెరవగానే మొట్టమొదట సేవ్ యాజ్ కొట్టాను. ముక్కు కింద మిగిలిన నీడను కొంచెం తేలిక చేశాను. చీలిక అంచులు తెలిసేలా షార్ప్‌నెస్ పెంచాను. ఒక లోపం ఇంకా బాగా కనబడాలని ఆ బొత్తాం జరపడం నా జీవితంలో అదే మొదటిసారి. దిద్దిందీ దిద్దనిదీ రెండూ పంపాను. ఎందుకైనా మంచిదని ఫోన్ చేసి, "ఈసారి నిజమైన బిడ్డే మేడం" అని కూడా చెప్పాను. ఆమె నవ్విందో విసుక్కుందో తెలియలేదు.

లిస్టులో పేరు వచ్చింది. నెల్లూరు నన్నెవరూ రమ్మనలేదు, నేనూ వస్తానని అనలేకపోయాను. ఆపరేషన్ అయిన రోజు ఆశా కార్యకర్త ఫోన్ చేసి, "కుట్లేసినారు. బాగుండాది. నువ్వేం దిద్దే పని లేదు" అని పెట్టేసింది.

వానలు పడి, మందలు మెట్టకు తిరిగొచ్చాక, ఒకరోజు తల్లి నా స్టూడియోకి వచ్చింది. చంకలో కాదు, పిల్ల ఆమె వేలు పట్టుకుని నడుచుకుంటూ వచ్చింది. వచ్చీ రాగానే నేను ఫోటోలకు వెనక వేలాడదీసే తెరను పట్టుకుని లాగింది. ఎత్తి స్టూలు మీద కూర్చోబెడితే నన్ను చూసి ఎందుకో నవ్వింది, గట్టిగా, ఒళ్ళంతా ఊగేలా. పై పెదవి మీద సన్నటి గీత ఉంది. నవ్వినప్పుడు ఎడమపక్క కొద్దిగా పైకి లేస్తోంది. అదే సమయానికి నొక్కాను.

స్క్రీను మీద తెరిచాను. తల్లి వెనకటిలాగే నా భుజం పక్కన నిలబడింది. నేను ఒట్టేసి చెబుతున్నాను, నేను అనుకోలేదు. హీలింగ్ బ్రష్ గుండ్రటి గుర్తు తనంతట తానే వెళ్ళి ఆ గీత మీద నిలబడింది.

"చెయ్యి తియ్యి అన్నా" అంది.

తీశాను. ఆమె సంచిలోంచి నేను లామినేషన్ చేసిచ్చిన పాత ఫోటో తీసి స్క్రీను పక్కన పెట్టింది. మందతో పాటు ఊరూరా తిరిగి దాని మూలలు వంగిపోయాయి. అందులోని పాప ఇప్పటికీ ముద్దుగానే ఉంది.

"చూడు. దీంట్లో నోరు మూసుకోని ఉండాది. నా బిడ్డ నవ్వతాండాది" అంది. తర్వాత ఆ పాత ఫోటోను నా వైపు జరిపింది. "ఇది నీ కాడే పెట్టుకో. నువ్వు చేసుకున్న బిడ్డ గదా."

 కొత్త ఫోటోను తీసింది తీసినట్టే ప్రింటు తీసి ఇచ్చాను. పిల్ల దాన్ని నోట్లో పెట్టుకోబోతే తల్లి లాక్కుని కొంగున ముడివేసుకుంది, ఒకప్పుడు చెక్క స్పూను ఉండే చోట.

పాత ఫోటోను చొక్కా జేబులో పెట్టుకుని ఇంటికి తెచ్చాను. చొక్కా ఉతకడానికి తీస్తూ మా ఆవిడ చూసి, "ఎవురి బిడ్డ?" అని అడిగింది.

"ఎవరి బిడ్డా కాదు" అన్నాను.

ఆమె ఇంకాసేపు చూసింది. పోల్చుకున్నట్టుంది. బీరువా తెరిచి పెళ్ళి ఆల్బం తీసింది. "అయితే మన పెళ్ళికొడుకు పక్కన పెడతాలే, ఇద్దరికీ తోడుంటాది" అని చివరి పేజీలో ఖాళీగా ఉన్న చోట దాన్ని అంటించింది. నేను వద్దనలేదు.